పాట ఆగకుండా సర్వర్ పెంచడం

నెలలో మొదటి పది రోజులు మా ఆఫీసులో సర్వర్ రీస్టార్ట్ అన్న మాట ఎత్తడానికి లేదు. హిమాయత్‌నగర్‌లో ఒక చిట్‌ఫండ్ కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. జీతాలు పడేదీ, చిట్టీ పాటలు జరిగేదీ ఆ రోజుల్లోనే. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి, వనస్థలిపురం బ్రాంచీల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకదాని వెనక ఒకటి పాటలు నడుస్తూనే ఉంటాయి. ఒకప్పుడు మెంబర్లు బ్రాంచికి వచ్చి కుర్చీల్లో కూర్చుని పాడేవాళ్లు. 2019లో చిట్‌ఫండ్ చట్టానికి సవరణ వచ్చి, పాటకు వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరు కావడాన్ని ఒప్పుకున్నారు. ఇప్పుడు మా మెంబర్లలో చాలామంది ఫోన్‌లోనే పాడుతున్నారు. బడిలో ఖాళీ పీరియడ్‌లో ఉన్న టీచరమ్మ, కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయన, అందరూ.

వాళ్లలో ఒకరికి బిడ్డ కాలేజీ ఫీజు కట్టే గడువు దగ్గరపడి ఉంటుంది. ఈ నెల ఎలాగైనా చిట్టీ లేపాలి. ఇంకో రెండు వేలు వదులుకుంటానని చివరి నిమిషంలో నొక్కుతారు. ఆ క్షణంలో స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉండిపోతే, ఆ మనిషికి పోయేది ఒక నెల. వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) అంటే ఏమిటో వాళ్లకు తెలియాల్సిన పని లేదు. అది నాకు తెలిసి ఉండాలి. అందుకే నడుస్తున్న వీఎంని (అసలు మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్‌ని) ఆపకుండా దానికి సీపీయూ, మెమొరీ పెంచడం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

చేయొచ్చా అంటే చేయొచ్చు. కానీ అది వీలయ్యేదీ కానిదీ మనం పెంచాలనుకున్న రోజున తేలదు. వీఎంని తయారు చేసిన రోజునే తేలిపోయి ఉంటుంది. మన కాలనీల్లో ఇల్లు కట్టినప్పుడు రేపు ఇంకో అంతస్తు వేయొచ్చని డాబా మీద పిల్లర్ల చువ్వలు పైకి వదులుతారు చూడండి, వీఎంకి కూడా అలా ముందే వదలాలి. వదలకపోతే ఒకసారి పూర్తిగా ఆపి, డెఫినిషన్ మార్చి, మళ్లీ లేపడం తప్ప దారి లేదు.

మాది కేవీఎం, అంటే లినక్స్‌లోనే ఉండే వీఎంలు నడిపే ఏర్పాటు. రెండు హోస్ట్‌లు (వీఎంలను మోసే అసలు మెషీన్లు), వాటి మీద వీఎంలను అజమాయిషీ చేసే లిబ్‌వర్ట్. వీఎం డెఫినిషన్‌లో వీసీపీయూ లైన్‌కి రెండు అంకెలు ఇవ్వొచ్చు. ఒకటి గరిష్ఠం, ఇంకోటి ఇప్పుడు ఇస్తున్నది. మా అప్లికేషన్ వీఎంకి గరిష్ఠం 16, మామూలు రోజుల్లో ఇచ్చేది 4. మెమొరీకి మ్యాక్స్‌మెమొరీ అని వేరే లైన్ ఉంటుంది. ఎంతదాకా పెరగొచ్చో, ఎన్ని స్లాట్లు ఉంచాలో అందులో చెప్పాలి. స్లాట్ అంటే నిజం మదర్‌బోర్డు మీద ర్యామ్ స్టిక్ గుచ్చే చోటు లాంటిదే, కాకపోతే ఇక్కడ అది ఉత్తుత్తి స్టిక్. ఇంకో షరతు కూడా ఉంది. గెస్ట్‌లో, అంటే వీఎం లోపల, కనీసం ఒక న్యూమా నోడ్ (ఏ సీపీయూలకు ఏ మెమొరీ దగ్గరో చెప్పే గుంపు) ఉండాలి. అది లేకపోతే మెమొరీ స్లాట్లను పాత లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మా వీఎంలు మొదట కట్టిచ్చిన వెండర్ ఈ లైన్లేవీ పెట్టలేదు. నాలుగంటే నాలుగే, పదహారు జీబీ అంటే పదహారే. పదో తారీఖు దాటాక ఒక ఆదివారం రాత్రి అన్నిటినీ ఆపి డెఫినిషన్లు మళ్లీ రాశాం. ఆ ఒక్క డౌన్‌టైమ్ ఖర్చు పెట్టాం కాబట్టే తర్వాతివి తప్పాయి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో, డేటాబేస్ వీఎంని ఈ మధ్య పాటల రోజుల్లో పెంచిన సంగతి చెప్తాను. దానికి 16 జీబీ మెమొరీ, అందులో మైఎస్‌క్యూఎల్ (మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్) తరచూ వాడే డేటాను ఉంచుకునే బఫర్ పూల్ 10 జీబీ. కొత్త గ్రూపులు చేరడంతో రోజూ తిరగేసే డేటా ఆ పదిలో పట్టడం మానేసింది. డిస్క్ రీడ్లు ఎక్కుతున్నాయి, టాప్ కమాండ్‌లో డిస్క్ కోసం ఎదురుచూసే వెయిట్ శాతం ఎక్కుతోంది. పాటలు మొదలు కావడానికి ఇంకా టైముంది. హోస్ట్‌లో ఖాళీ మెమొరీ ఉంది. 8 జీబీ డిమ్ (ర్యామ్ స్టిక్) ఒకటి చిన్న ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా రాసి, నోడ్ సున్నా అని చెప్పి, అటాచ్ డివైస్ కొట్టాం. లైవ్, కాన్ఫిగ్ అనే రెండు ఫ్లాగులూ కలిపే ఇవ్వాలి. లైవ్ ఒక్కటే ఇస్తే ఇప్పటికి పెరుగుతుంది కానీ, రేపు ఎప్పుడైనా వీఎం ఆగి లేచిందంటే పాత 16తోనే లేస్తుంది. అప్పటికి ఆ సంగతి గుర్తున్నవాళ్లు ఆఫీసులో ఉండకపోవచ్చు.

హోస్ట్ వైపు కమాండ్ సెకనులో అయిపోయింది. గెస్ట్‌లో మెమొరీ చూపే ఫ్రీ కమాండ్ కొడితే మాత్రం పాత అంకెలే. మా జూనియర్ అడిగాడు, "మెమొరీ ఇచ్చినం గదక్కా, మరి కనబడ్తలేదేంది?"

ఎల్ఎస్‌మెమ్ కొట్టమన్నాను. కొత్త మెమొరీ అంతా కింది వరసలో ఆఫ్‌లైన్ అని కనబడింది. లినక్స్ మెమొరీని బ్లాకుల లెక్కన చూస్తుంది. మా గెస్ట్‌లో బ్లాక్ 128 ఎంబీ, కాబట్టి 8 జీబీ అంటే 64 బ్లాకులు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ వాటిని గుర్తించింది కానీ, వాడకంలోకి తీసుకోలేదు. వాటిని ఆన్‌లైన్ చేయాలి. కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) కొత్త పరికరాలను చూసుకునే యూడెవ్ రూల్ ఆ పని తనంతట తానే చేస్తుంది, కొన్నిట్లో కెర్నెల్ పారామీటర్ పెట్టుకోవాలి. మా డేటాబేస్ వీఎంలో దాన్ని కావాలనే చేతి పనిగా ఉంచాను. సీహెచ్‌మెమ్ కమాండ్‌తో ఎనిమిది జీబీ ఎనేబుల్ అన్నాం. ఎల్ఎస్‌మెమ్‌లో వరస మారిపోయింది, ఫ్రీలో మొత్తం పెరిగింది.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. ప్రతి 4 కేబీ పేజీకి కెర్నెల్ 64 బైట్ల రికార్డు ఒకటి పెట్టుకుంటుంది. 8 జీబీకి అది 128 ఎంబీ అవుతుంది. ఆ 128 ఎంబీ మామూలుగా ఎక్కడి నుంచి రావాలి? అప్పటికే ఉన్న పాత మెమొరీలో నుంచే. అంటే మెమొరీ చివరి బొట్టు దాకా అయిపోయాక, ప్రాసెస్‌లు చచ్చిపోతున్న వేళలో కొత్తది తగిలిద్దామని కూర్చుంటే, దాన్ని చేర్చుకోవడానికి కూడా జాగా ఉండదు. అందుకే మా దగ్గర మెమొరీ అలర్ట్ 95 శాతం దగ్గర కాదు, 80 దగ్గర మోగుతుంది. 80 అంటే మరీ తొందర అనేవాళ్లకు నేను చూపించేది ఈ లెక్కనే.

గెస్ట్‌కి మెమొరీ అందింది. మైఎస్‌క్యూఎల్‌కి ఇంకా అందలేదు. నా ఉద్దేశంలో ఈ పనిలో సగానికి సగం ఇక్కడే ఉంది, దీని గురించే తక్కువ మాట్లాడతారు. వీఎం పెరిగినంత మాత్రాన లోపల ఉన్న ప్రోగ్రామ్ పెరగదు. అదృష్టం కొద్దీ మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి బఫర్ పూల్ సైజును సర్వీస్ ఆపకుండానే మార్చొచ్చు. మా చంక్ సైజు (పూల్ పెరిగే ముక్క) 128 ఎంబీ, ఇన్‌స్టన్స్‌లు (పూల్‌లో భాగాలు) 8, రెండూ డిఫాల్టే. అంటే ఒక జీబీ చొప్పున పెరగాలి. పదిని పదహారు చేద్దామనుకున్నాం. కమాండ్ ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి రెండున్నాయి. అప్పటికే నడుస్తున్న ట్రాన్సాక్షన్లు అన్నీ ముగిసేదాకా రీసైజ్ మొదలే కాదు. మొదలయ్యాక, అది ముగిసేదాకా బఫర్ పూల్‌తో పనున్న కొత్త ట్రాన్సాక్షన్లు ఆగి ఉండాలి. అంటే సర్వీస్ ఆగదు కానీ, బిడ్ ఆగొచ్చు. పాట మధ్యలో అది చేయకూడదు.

మేం మైఎస్‌క్యూఎల్‌లో నడుస్తున్న పనుల ప్రాసెస్‌ లిస్ట్ చూసేసరికి కూకట్‌పల్లి బ్రాంచి వసూళ్ల రిపోర్టు ఒకటి తెరిచి ఉంది. ఎవరో రన్ చేసి టిఫిన్‌కి వెళ్లినట్టున్నారు. బ్రాంచికి ఫోన్ చేశాను. "మేడమ్, రెండు నిమిషాలు, ప్రింట్ తీస్కుని బంద్ చేస్త" అన్నాడు మేనేజరు. కిల్ కొట్టొచ్చు, కొట్టలేదు. ఆ రిపోర్టు పట్టుకునే ఏజెంట్లు ఫీల్డుకి వెళ్తారు. ఆయన బంద్ చేశాక సెట్ పర్సిస్ట్‌తో 16 ఇచ్చాం. పర్సిస్ట్ అంటే మైఎస్‌క్యూఎల్ 8లో రీస్టార్ట్ తర్వాత కూడా నిలిచే సెట్టింగ్. రీసైజ్ స్టేటస్ వేరియబుల్‌ని చూస్తూ కూర్చున్నాం. పూర్తయిందని టైముతో సహా అందులోనే రాస్తుంది. అది కనబడ్డాకే పాటలకు సరే అన్నాను. మధ్యాహ్నానికి డిస్క్ రీడ్ల గీత కిందికి దిగింది.

అదే పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్) అయితే బఫర్ పూల్ లాంటి షేర్డ్ బఫర్స్ మార్చడానికి రీస్టార్ట్ తప్పదు. అయితే పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ని గట్టిగా నమ్ముకుంటుంది కాబట్టి, వీఎంకి మెమొరీ పెంచితే ఏమీ మార్చకుండానే కొంత లాభం ఉంటుంది.

సీపీయూ సంగతి కొంచెం సులువు, కానీ దానికీ లోపలి కథ ఉంది. సెట్ వీసీపీయూస్ అని 8 ఇస్తే నాలుగు కొత్త సీపీయూలు గెస్ట్‌కి చేరతాయి. అవి కూడా ఆన్‌లైన్ అయ్యాయా లేదా అన్నది చూసుకోవాలి. సీపీయూలు లెక్కపెట్టే ఎన్‌ప్రాక్ కమాండ్ 8 అని చెప్తే అయినట్టే. ముందు నిలబడి రిక్వెస్టులు పంచే ఎన్‌జిన్‌ఎక్స్‌లో వర్కర్లు (పనిచేసే ప్రాసెస్‌లు) ఆటో మీద ఉంటే ఒక రీలోడ్ చాలు, కొత్త సంఖ్యలో వర్కర్లు లేస్తారు, పాతవాళ్లు చేతిలో పని ముగించుకుని దిగిపోతారు.

జావా అలా కాదు. మా పాట అప్లికేషన్ జావాలో ఉంది. జావా ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎం లేచేటప్పుడు సీపీయూలు లెక్కపెట్టుకుని, చెత్త (వాడుక అయిపోయిన మెమొరీ) ఏరే పనికి ఎన్ని థ్రెడ్లు ఉండాలో అప్పుడే తేల్చుకుంటుంది. ఎనిమిది సీపీయూల దాకా సీపీయూకి ఒకటి చొప్పున. నాలుగుతో లేచిన జేవీఎం తర్వాత ఎనిమిది ఇచ్చినా ఆ పనికి నాలుగు థ్రెడ్లు దాటదు. జావా తన డేటా ఉంచుకునే మెమొరీ, అంటే హీప్, దాని గరిష్ఠం కూడా లేచేటప్పుడు ఇచ్చిందే. వీఎంకి ఇంకో 8 జీబీ పోసినా జేవీఎం హీప్‌కి ఒక్క ఎంబీ కూడా అందదు. రిక్వెస్టులు చూసే మామూలు థ్రెడ్లకు కొత్త సీపీయూలు వెంటనే ఉపయోగపడతాయి, అది మాత్రం నిజం.

దీనికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే. అప్లికేషన్ రెండు వీఎంల మీద ఉండాలి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ ఉండాలి, సెషన్లు (ఎవరు లాగిన్ అయి ఉన్నారన్న సంగతి) జేవీఎంలో కాకుండా బయట రెడిస్ అనే డేటా స్టోర్‌లో ఉండాలి. రెండిటికీ ఆపకుండా సీపీయూ, మెమొరీ పెంచుతాం. తర్వాత ఒకదాన్ని ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి తప్పించి, చేతిలో ఉన్నవి ముగిశాక కొత్త హీప్‌తో లేపి, మళ్లీ కలిపి, రెండోదానికి వెళ్తాం. మెంబరుకి ఏమీ తెలియదు. రెండు వీఎంలు ఉన్నప్పుడు ఇక హాట్‌ప్లగ్ (నడుస్తుండగానే తగిలించడం) ఎందుకు, ఒక్కొక్కటి ఆపి పెంచితే పోలేదా అని మా జూనియర్ అడిగాడు, మంచి ప్రశ్నే. మామూలు రోజున అలాగే చేయొచ్చు. పాటల వేళలో ఒక వీఎం మీదే మొత్తం బరువు పడుతుంది, పెంచాల్సి వచ్చిందే బరువు ఎక్కువై. జేవీఎం రీస్టార్ట్‌కి పట్టే టైమూ, వీఎం మొత్తం దిగి ఎక్కడానికి పట్టే టైమూ ఒకటి కావు.

పెంచే ముందు పెంచాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది చూడాలి. ఒకసారి ఒక బ్రాంచి నుంచి "మేడమ్, స్క్రీన్ తిరుగుతనే ఉంది" అని ఫోన్. సీపీయూ చూస్తే సగం కూడా లేదు. ఒకే చిట్టీ మీద అందరూ చివరి నిమిషంలో బిడ్ వేస్తే, ఆ చిట్టీకి డేటాబేస్‌లో ఉన్న ఒకే వరస మీద లాక్ కోసం అందరూ లైన్లో నిలబడతారు. అక్కడ ఎన్ని సీపీయూలు ఇచ్చినా లైన్ తగ్గదు, లాక్ కోసం కొట్టుకునేవాళ్లు పెరుగుతారు. డెవలపర్లు ట్రాన్సాక్షన్‌ని చిన్నది చేసి, ఎస్ఎంఎస్ పంపే పనిని దాంట్లోంచి బయట పెట్టాకే ఆ జబ్బు కుదిరింది. ఇంకో సంగతి, హోస్ట్‌లో ఉన్న కోర్లను మించి అన్ని వీఎంలకూ వీసీపీయూలు పంచుకుంటూ పోతే ఒకరికి పెంచింది ఇంకొకరి దగ్గర తగ్గుతుంది. టాప్‌లో ఎస్‌టీ అని చివర ఉండే అంకె అదే, స్టీల్. సీపీయూ పెంచిన ప్రతిసారీ పక్క వీఎంల్లో ఆ అంకె చూడకుండా నేను సీట్లోంచి లేవను.

ఇక తగ్గించడం. పది దాటాక పెంచినవి వెనక్కి తీసుకోవాలి కదా. సీపీయూ అయితే సెట్ వీసీపీయూస్ 4 అంటే గెస్ట్ ఒప్పుకుని ఇచ్చేస్తుంది. మెమొరీ ఒప్పుకోదు. డిమ్ పీకాలంటే దాని పరిధిలో ఉన్న ప్రతి పేజీనీ ఇంకో చోటికి జరపాలి. కెర్నెల్ తన సొంతానికి తీసుకున్న పేజీలు జరగవు. 8 జీబీలో అలాంటి పేజీ ఒక్కటి ఉన్నా మొత్తం డిమ్ కదలదు. దీనికి మందు, ఆన్‌లైన్ చేసేటప్పుడే మూవబుల్ జోన్‌లోకి చేయడం. అప్పుడు కెర్నెల్ అందులో తన సామాను పెట్టదు. అలాగని మొత్తం అందులోకే తోస్తే, మామూలు మెమొరీ కెర్నెల్‌కి చాలక, ఖాళీ కనబడుతూనే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. మామూలుదానికి మూడింతలు దాకా మూవబుల్ ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. డేటాబేస్ వీఎంలో ఆన్‌లైన్ చేయడాన్ని చేతి పనిగా ఉంచానన్నాను కదా, ఏ జోన్‌లోకి అన్నది ప్రతిసారీ నేనే నిర్ణయించుకోవాలనే.

కొత్తగా కట్టే వీఎంలకు మాత్రం డిమ్ మానేసి వర్టయో మెమ్ వాడుతున్నాం. 2020లో లినక్స్ 5.8, క్యూఎంయూ (కేవీఎంతో కలిసి వీఎంని నడిపే ప్రోగ్రామ్) 5.1తో వచ్చింది. పెద్ద స్టిక్‌ని మొత్తంగా గుచ్చడం, మొత్తంగా పీకడం కాకుండా, ఒకే డివైస్‌కి ఇంత కావాలి అని అంకె చెప్తే చిన్న చిన్న ముక్కలుగా పెంచుతుంది, తగ్గిస్తుంది. తగ్గించమన్నప్పుడు ఎంత వీలైతే అంత ఇస్తుంది. దీనికంటే పాతది బెలూన్. వీఎంకి 32 జీబీ అని చెప్పి, లోపల ఒక డ్రైవర్ 16 జీబీని పట్టేసుకుని హోస్ట్‌కి ఇచ్చేస్తుంది. పెంచాలంటే వదిలేస్తుంది. ఏ స్లాట్లూ అక్కర్లేదు, చాలా సులువు. కానీ గెస్ట్ కెర్నెల్ మొత్తం 32 జీబీకి పేజీ రికార్డులు ముందే పెట్టుకుంటుంది, అంటే అర జీబీ ఎప్పుడూ దానికే పోతుంది. చిన్న వీఎంలకు పర్వాలేదు, డేటాబేస్‌కి నేను వాడను.

మా ఎండీ గారు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "అమ్మా, క్లౌడ్‌కి పోతే ఇవన్నీ వాళ్లే చూసుకుంటారు కదా?" అని. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) కూడా తెరిచింది, కాబట్టి దూరం అన్న మాటా లేదు. కానీ అక్కడ కూడా ఈసీ2 ఇన్‌స్టన్స్ (అమెజాన్ అద్దెకిచ్చే వీఎం) టైప్ మార్చాలంటే ఇన్‌స్టన్స్‌ని ఆపే మార్చాలి. క్లౌడ్ వాళ్లు చెప్పే దారి ఒక్కదాన్ని పెంచడం కాదు, పక్కన ఇంకోటి నిలబెట్టడం. మా పాట అప్లికేషన్ ఇప్పుడు దానికి తగ్గట్టే ఉంది. డేటాబేస్ ఇంకా ఒక్కటే పెద్ద వీఎం, దానికి హాట్‌ప్లగ్ ఉన్న చోటే నాకు ధైర్యం. కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో పాడ్‌ని (కలిసి నడిచే కంటైనర్ల గుంపుని) చంపకుండా సీపీయూ, మెమొరీ మార్చే సదుపాయం 1.27లో ఆల్ఫాగా వచ్చి, 2025లో 1.33తో బీటా అయింది. బాగుంది, కానీ పాడ్ పెరిగేది కింద నోడ్‌లో (పాడ్‌లు నడిచే మెషీన్‌లో) చోటున్నంత వరకే. ఆ నోడ్ మళ్లీ ఒక వీఎం.

మా దగ్గర ఇంకా మిగిలింది అటెండెన్స్ మెషీన్ల వీఎం. అది పాత వీఎంవేర్ (కేవీఎం లాంటిదే, ఇంకో కంపెనీది) బాక్స్ మీద ఉంది. అక్కడ సీపీయూ హాట్ యాడ్, మెమొరీ హాట్ యాడ్ అని రెండు టిక్కులు ఉంటాయి, వీఎం ఆపి ఉన్నప్పుడే పెట్టగలం. పెద్ద వీఎంలకు సీపీయూ టిక్కు పెట్టే ముందు ఆలోచించాలి. వీఎంవేర్ వాళ్ల విస్పియర్ 8కి ముందు ఆ టిక్కు పెడితే గెస్ట్‌కి న్యూమా సంగతి కనబడకుండా పోతుంది. రెండు సాకెట్ల (సీపీయూ చిప్పుల) మీదికి పాకే డేటాబేస్‌కి అది నష్టం. అటెండెన్స్‌కి ఆ బాధ లేదు. దాన్ని కట్టింది 2 జీబీతో. వీఎంవేర్‌లో 64 బిట్ లినక్స్ గెస్ట్ 3 జీబీ లోపు లేస్తే, ఆపకుండా 3 జీబీ దాటించడం కుదరదు. కాబట్టి ఈ నెల పదో తారీఖు దాటాక దాన్ని ఒకసారి ఆపుతాం. టిక్కులు రెండూ పెట్టి, 4 జీబీతో లేపుతాం.